దేశంలో తొంభై నాలుగు శాతం అయిందట, మా పాపకు రెండో డోసు ఎందుకు?

ప్రశ్న: నేను కర్నూలు జిల్లా కోసిగి మండలంలో ప్రభుత్వ పాఠశాల ఉపాధ్యాయుణ్ణి. మాది ఉమ్మడి కుటుంబం. మా పాపకు పంతొమ్మిది నెలలు. తొమ్మిది నెలలు నిండాక తట్టు టీకా వేయిస్తే, వేసిన ఎనిమిదో రోజున జ్వరం వచ్చి రెండు రోజులు పాలు కూడా సరిగా తాగలేదు. రెండో డోసుకు రమ్మని ఆశా కార్యకర్త ఇప్పటికి రెండుసార్లు ఇంటికి వచ్చి చెప్పిపోయారు. నా భార్య వేయిద్దామంటోంది, మా అన్న వద్దంటున్నాడు. దేశంలో తొంభై నాలుగు శాతం పిల్లలకు ఈ టీకా పడిందని ఆయన ఫోనులో చదివాడు. "హెర్డ్ ఇమ్యూనిటీ వచ్చేసినట్టే కదా, మన ఒక్క పాపకు వేయించకుంటే ఏం మునిగిపోతుంది?" అంటాడు. కరోనాకు కూడా ఇదే మాట చెప్పారనీ, రెండు డోసులు వేయించుకున్నా తనకు వచ్చిందనీ గుర్తుచేస్తాడు. ఆయన జీవాలు మేపుకునే మనిషి, లోకం తెలిసినవాడు, ఆయన మాటను తీసిపారేయలేను. కాన్పుకు వచ్చిన అన్న కూతురు మూడు నెలల బిడ్డతో ఇంట్లోనే ఉంది, ఈ సమయంలో గొడవ పెట్టుకోవడమూ ఇష్టం లేదు. ఇంతకూ దేశానికి ఆ రక్షణ వచ్చినట్టా, రానట్టా?

జవాబు: ముందుగా మీరు అడిగినదానికి సూటిగా చెబుతాను. రాలేదు. హెర్డ్ ఇమ్యూనిటీ అంటే చుట్టూ తగినంత మందికి రక్షణ ఉండి, రోగం పాకే దారి లేక, రక్షణ లేని కొద్దిమందీ క్షేమంగా ఉండటం. దానికి దగ్గరికి వచ్చాం, మునుపెన్నడూ లేనంత దగ్గరికి వచ్చాం, కానీ తట్టు విషయంలో ఆ దగ్గరితనం చాలదు. మీ పాపకు రెండో డోసు వేయించండి, ఈ వారంలోనే వేయించండి. మీ అన్నగారు అడిగింది తెలివైన ప్రశ్న కాబట్టి, దానికి ఆయన ఒప్పుకోగలిగేలా కారణం కూడా చెప్పవలసి ఉంది.

ఆయన చదివిన అంకె అబద్ధం కాదు. కేంద్ర ఆరోగ్య శాఖ లెక్కల ప్రకారం 2024-25లో మన దేశంలో తట్టుకూ, రుబెల్లా అనే మరో దద్దు రోగానికీ కలిపి వేసే టీకా మొదటి డోసు 93.7 శాతం పిల్లలకు, రెండో డోసు 92.2 శాతం పిల్లలకు అందింది. ఇది చిన్న విషయం కాదు. 2015-16 నాటి జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వేలో ఏడాది నుంచి రెండేళ్ల లోపు పిల్లల్లో అన్ని ప్రాథమిక టీకాలూ పూర్తయినవారు 62 శాతం ఉంటే, 2019-21 సర్వే నాటికి అది 76.4 శాతానికి పెరిగింది. ఒక్క టీకా కూడా అందని పిల్లలు 2023లో 16 లక్షల మంది ఉంటే 2024లో 9 లక్షలకు తగ్గారని ప్రపంచ ఆరోగ్య సంస్థ, యూనిసెఫ్ కలిసి వేసిన అంచనా. ఎండలో ఐస్‌పెట్టె భుజాన వేసుకుని తండాలకూ గూడేలకూ నడిచిన ఏఎన్‌ఎంలు, ఆశా కార్యకర్తలు చేసిన పని ఇది. మీ ఇంటికి రెండుసార్లు వచ్చిన ఆ అమ్మాయి కూడా అందులో భాగమే.

అయితే ఏ వ్యాధికి ఎంత శాతం కావాలన్నది ఆ వ్యాధి ఎంత వేగంగా అంటుకుంటుందన్న దాన్ని బట్టి ఉంటుంది. ఎవరికీ రక్షణ లేని చోట తట్టు వచ్చిన ఒక్క బిడ్డ సగటున పన్నెండు నుంచి పద్దెనిమిది మందికి అంటిస్తుంది. మనకు తెలిసిన వ్యాధుల్లో ఇంత వేగంగా అంటుకునేవి బహు తక్కువ; రోగి గదిలోంచి వెళ్లిపోయిన తర్వాత కూడా రెండు గంటల దాకా ఆ గాలిలో క్రిమి బతికి ఉండగలదు. ఒకరి నుంచి పదిహేను మందికి పాకే వ్యాధి ఆగాలంటే ఆ పదిహేను మందిలో పద్నాలుగు మందికి మించి రక్షణ ఉన్నవాళ్లే అయి ఉండాలి, అంటే నూటికి తొంభై మూడుకు పైన. పద్దెనిమిది మందికి పాకేదైతే తొంభై నాలుగున్నర. అందుకే తొంభై ఐదు శాతం అని లక్ష్యం పెట్టారు. అదీ రెండు డోసులకూ.

ఇక్కడే చాలామంది పొరబడతారు. టీకా పడినవాళ్లందరికీ రక్షణ వచ్చినట్టే అనుకుంటారు. తొమ్మిది నెలల వయసులో వేసే మొదటి డోసు నూటికి సుమారు ఎనభై ఐదు మందిలోనే పట్టుకుంటుంది, ఎందుకంటే తల్లి నుంచి వచ్చిన రక్షక పదార్థాలు కొందరు బిడ్డల ఒంట్లో ఇంకా మిగిలి ఉండి టీకాను పని చేయనివ్వవు. రెండో డోసు బలం కోసం అదనంగా వేసేది కాదు. మొదటిది పట్టుకోని పిల్లలను వెనక్కి వచ్చి అందుకునే డోసు అది. మీ పాప ఆ ఎనభై ఐదు మందిలో ఉందో, మిగిలిన పదిహేను మందిలో ఉందో మీకు తెలియదు, నాకూ తెలియదు. రెండో డోసు వేయిస్తే ఆ తెలియనితనంతో పని ఉండదు.

మీరు బడిపంతులు కాబట్టి ఒక లెక్క నల్లబల్ల మీద వేసి చూడండి. వెయ్యి మంది పిల్లలు పుట్టారనుకోండి. 937 మందికి మొదటి డోసు పడింది, వాళ్లలో సుమారు 796 మందికి పట్టుకుంది, 141 మందికి పట్టుకోలేదు. రెండో డోసు 922 మందికి పడింది, దానితో ఆ పట్టుకోనివాళ్లలో సుమారు 130 మందికి రక్షణ వచ్చింది. మొత్తం 926. మిగిలిన 74 మందిలో 63 మందికి టీకాయే అందలేదు, పదకొండు మందికి అందినా ఫలితం దక్కలేదు. ఇది స్థూలమైన లెక్కే, కానీ చూపవలసినది చూపిస్తుంది. తొంభై నాలుగు శాతం అని పేపర్లో అచ్చయిన అంకె పిల్లల ఒంట్లోకి వచ్చేసరికి తొంభై రెండున్నర అయింది. పైగా ఈ 74 మంది ఆ ఏడాదితో పోయేవాళ్లు కాదు. మరుసటి ఏడు ఇంకో 74 మంది, ఆపై ఏడు ఇంకో 74 మంది చేరుతారు. అయిదేళ్లు తిరిగేసరికి 370 మంది. ఎండుగడ్డి వామి పెరిగినట్టు పెరుగుతూ పోయి, ఎక్కడి నుంచో ఒక్క రోగి వచ్చినప్పుడు అంటుకుంటుంది. నాలుగైదేళ్లు తట్టు కనిపించకుండా ఉండి, ఉన్నట్టుండి ఒకేసారి విరుచుకుపడటానికి ప్రధాన కారణం ఇదే. 2022 చివర ముంబయిలోని కిక్కిరిసిన వాడల్లో జరిగింది అదే; కరోనా రెండేళ్లలో టీకాలకు పోలేక మిగిలిపోయిన పిల్లలు ఒకచోట పోగుపడి ఉన్నారు.

ఒకచోట పోగుపడటం అన్నాను. దేశపు సగటు కన్నా ఇది ముఖ్యమైనదని నా నమ్మకం. దీన్ని మీ హాజరు పట్టీతోనే చెబుతాను. దీపావళి దాటాక మీ మండలంలో ఇళ్లకు ఇళ్లు తాళాలు పడతాయి. సుగ్గికని (కోతల కాలపు వలస పనులకని) పత్తి తీయడానికి, మిరపకాయలు కోయడానికి గుంటూరు వైపు పోతారు, కొందరు బేల్దారి పనులకు బెంగళూరు, హైదరాబాదు పోతారు, పిల్లలనూ వెంట తీసుకుపోతారు. ఆ నెలల్లో జిల్లా మొత్తం హాజరు తీస్తే చెప్పుకోదగ్గట్టే ఉంటుంది. మీ తరగతి గదిలో మాత్రం సగం బల్లలు ఖాళీగా ఉంటాయి. జిల్లా సగటు చూసిన అధికారికి మీ ఖాళీ బల్లలు కనిపించవు. టీకాల సగటు కూడా అంతే. 94 శాతం అంటే ప్రతి ఊళ్లో నూటికి 94 మంది అని కాదు. కర్నూలు నగరంలో ఒక కాలనీలో నూటికి నూరూ ఉండవచ్చు, సుగ్గి బాట పట్టే ఒక ఊళ్లో డెబ్బై ఉండవచ్చు, రెంటినీ కలిపి సగటు తీస్తే కాగితం బాగానే ఉంటుంది. తట్టు కాగితాన్ని చూసి రాదు, ఆ డెబ్బై ఉన్న ఊరిని వెతుక్కుంటూ వస్తుంది. తొమ్మిదో నెల ఒక జిల్లాలో, పదహారో నెల మరో జిల్లాలో గుడారంలో గడిచిన పిల్లలు మీ ఊళ్లో ఎంతమంది ఉన్నారో నాకంటే మీకే బాగా తెలుసు. మీ పాప ఆడుకునేది ఆ పిల్లలతోనే. కాబట్టి ఆమెకు సంబంధించినంత వరకు హెర్డ్ అంటే నూట నలభై కోట్ల దేశం కాదు, మీ వీధి, మీ అంగన్‌వాడీ, మీ ఇల్లు.

ఇల్లంటే మీ ఉత్తరంలో మీరు వేరే సందర్భంలో చెప్పిన విషయం నా కంట పడింది. మీ అన్నగారి మనవడో మనవరాలో, మూడు నెలల బిడ్డ మీ ఇంట్లో ఉంది. ఆ బిడ్డకు ఇంకో ఆరు నెలల దాకా తట్టు టీకా వేయడానికి వీలులేదు. తల్లికి రక్షణ ఉంటే దానిలో కొంత బిడ్డకు వచ్చి ఉంటుంది గాని అది నెలనెలా కరిగిపోతూ ఉంటుంది, అయిదారు నెలలు వచ్చేసరికి దాని మీద పెద్దగా ఆశ పెట్టుకోలేం. (2017 ఆగస్టులో మన రాష్ట్రంలో తొమ్మిది నెలల నుంచి పదిహేనేళ్ల లోపు పిల్లలందరికీ బడుల్లో ఈ టీకా వేశారు. మీ అన్నగారి అమ్మాయి అప్పుడు బడిలో ఉండి ఉంటే ఆమెకూ పడి ఉంటుంది, అడిగి చూడండి.) ఆ పసిగుడ్డుకు ఈ ఆరు నెలలూ టీకా అంటూ ఉంటే అది చుట్టూ ఉన్నవాళ్లకు పడిన టీకాయే. రోజంతా ఆ బిడ్డ ఉయ్యాల చుట్టూ తిరిగి, బుగ్గలు పుణికి, ముద్దు పెట్టేది మీ పాపే అయి ఉంటుంది. హెర్డ్ ఇమ్యూనిటీ అనే పెద్ద మాటకు మీ ఇంట్లో అర్థం ఇదే. "మన ఒక్క పాప" అని అన్నగారు అంటున్నది తన మనవల పక్కన కూర్చునే పాపను గురించి.

ఆయన జీవాలు మేపుతారు కాబట్టి ఇంకోమాట. ఈ హెర్డ్ అన్న మాట పుట్టింది పశువైద్యంలోనే, మందలను చూసే పెట్టారు. పారుడు రోగానికి టీకా వేయించేటప్పుడు ఆయన మందలో సగానికి వేయించి మిగతా సగాన్ని వదిలేస్తారా? సంతలో కొత్తగా కొన్న పొట్టేలును తీసుకొచ్చీ తేవడంతోనే మందలో కలుపుతారా? కలపరు. ఒక దాని నుంచి ఇంకొక దానికి పాకే రోగానికి మందంతా ఒక్కటేనని ఆయనకు నేను చెప్పనక్కర్లేదు. అదే చిటుక రోగం వేరు. అది ఒక గొర్రె నుంచి ఇంకో గొర్రెకు అంటేది కాదు, తొలకరి పచ్చికకు బాగా మేసిన గొర్రె కడుపులోనే విషం పుట్టి ప్రాణం తీస్తుంది. తొంభై తొమ్మిది గొర్రెలకు టీకా వేయించి ఒక్కదాన్ని వదిలేస్తే ఆ ఒక్కదానికి మిగతావాటి వల్ల ఒరిగేదేమీ లేదు.

పిల్లల్లో చిటుక రోగం లాంటిది ధనుర్వాతం (టెటనస్). దాని క్రిమి మట్టిలో, పశువుల పేడలో ఉంటుంది, మనిషి నుంచి మనిషికి రాదు, కాబట్టి దేశంలో మిగతా అందరికీ టీకా పడినా పడని బిడ్డకు రక్షణ సున్నా. ఇది ఎందుకు చెబుతున్నానంటే, పదహారు నుంచి ఇరవై నాలుగు నెలల మధ్య తట్టు రెండో డోసుతో పాటే డీపీటీ బూస్టరు, పోలియో చుక్కల బూస్టరు కూడా ఇస్తారు. డీపీటీలో 'టీ' ధనుర్వాతానిదే. అన్నగారి మాట తట్టు విషయంలో నిజమే అనుకున్నా, పాప ఆ రోజు ఉపకేంద్రానికి పోకపోతే ఈ రక్షణ కూడా పోతుంది. గొర్రెల దొడ్డి ఉన్న ఇంట్లో, చెప్పులు లేకుండా తిరిగే వయసు పిల్లకు అది చిన్న విషయం కాదు.

కరోనా గురించి ఆయన అన్నదానిలో నిజం ఉంది, దాన్ని కాదనకూడదు. 2021 జనవరి 16న మొదలుపెట్టి అదే ఏడాది అక్టోబరు 21కి నూరు కోట్ల డోసులు, 2022 జులై 17కి రెండు వందల కోట్ల డోసులు వేసిన దేశం మనది. 2021 జూన్, జులై నెలల్లో భారత వైద్య పరిశోధన మండలి (ఐసీఎంఆర్) జరిపిన సర్వేలో 67.6 శాతం మంది రక్తంలో రక్షక పదార్థాలు కనిపించాయి. అప్పుడు చాలామంది ఇక గట్టెక్కినట్టే అన్నారు. ఆ ఏడాది చివరికే ఒమిక్రాన్ వచ్చి టీకాలు వేయించుకున్నవాళ్లకూ అంటింది. కారణం ఏమిటంటే ఆ క్రిమి మాటిమాటికీ రూపు మార్చుకుంది, టీకా వల్ల వచ్చిన రక్షణలో అంటకుండా కాపాడే భాగం కొన్ని నెలల్లోనే పలచబడింది. ప్రాణం మీదికి రాకుండా కాపాడే భాగం మాత్రం నిలిచింది. అన్నగారికి వచ్చి తగ్గిపోయిందంటే అందులో ఆ రెండు డోసుల పాత్ర ఉండే ఉంటుంది. తట్టు క్రిమి అలాంటిది కాదు. 1963లో మొదటి టీకా వచ్చినప్పుడు ఏ క్రిమి మూలంతో తయారు చేశారో, దాని సంతతితో తయారయ్యేదే ఇవాళ మీ ఉపకేంద్రంలో ఉన్న టీకా కూడా, అరవై ఏళ్లు దాటినా అది పని చేస్తూనే ఉంది. రెండు డోసులు సరిగా పడితే వచ్చే రక్షణ దాదాపు జీవితాంతం ఉంటుంది. కరోనాలో జరగనిది తట్టులో జరగగలదు, కొన్ని దేశాల్లో జరిగింది కూడా.

జరిగినది చెయ్యి జారిపోవడమూ ఉంది. కెనడా 1998లో తట్టును తమ దేశం నుంచి తొలగించింది. టీకాలు తగ్గిన సమూహాల్లో మళ్లీ అంటుకుని ఏడాదికి పైగా ఆగకపోవడంతో 2025 నవంబరులో ఆ గుర్తింపు పోయింది. ఇంతకన్నా నన్ను ఎప్పుడూ కలతపెట్టేది పసిఫిక్ సముద్రంలోని సమోవా అనే చిన్న దేశపు కథ. 2018లో అక్కడ ఇద్దరు పసిపిల్లలు టీకా వేసిన కాసేపటికే చనిపోయారు. టీకా పొడిని కలపవలసిన నీటికి బదులు పొరపాటున వేరే మందు కలపడం వల్ల జరిగిన ఘోరం అది, టీకా తప్పు కాదు. కానీ భయం భయమే. టీకాలు కొన్నాళ్లు ఆగిపోయాయి, ఆ ఏడాది టీకా అందిన పిల్లలు మూడోవంతుకు పడిపోయారు. 2019 చివర తట్టు వచ్చింది. రెండు లక్షల జనాభాలో 83 మంది పోయారు, వాళ్లలో ఎక్కువమంది అయిదేళ్ల లోపు పిల్లలు.

ఇక జ్వరం సంగతి. మీ పాపకు జ్వరం వచ్చినప్పుడు మీరు పడిన బెంగ నాకు అర్థమవుతుంది. ఆ టీకాలో ఉండేది బలం తగ్గించిన సజీవ క్రిమి. అది ఒంట్లో కొద్దిగా పెరిగి శరీరానికి పాఠం చెప్పడానికి వారం రోజులు పడుతుంది కాబట్టి, ఏడు నుంచి పన్నెండో రోజు మధ్య కొందరు పిల్లలకు జ్వరం, ఒక్కోసారి సన్నని దద్దు వచ్చి ఒకటి రెండు రోజుల్లో తగ్గుతాయి. మీ పాపకు వచ్చిన ఎనిమిదో రోజు సరిగ్గా ఆ లెక్కలోకే వస్తుంది. రెండో డోసు తర్వాత ఇలా రావడం ఇంకా తక్కువ, ఎందుకంటే చాలామంది పిల్లల ఒంట్లో అప్పటికే రక్షణ ఉండటం వల్ల ఆ క్రిమి పెరగలేకపోతుంది. మొదటి డోసు వేసిన కాసేపటికే ఒళ్లంతా దద్దుర్లు లేచి ఊపిరి ఆడకపోవడం వంటిది జరిగి ఉంటే, లేదా పాపకు రోగనిరోధక శక్తిని దెబ్బతీసే జబ్బేదైనా ఉంటే, అప్పుడు వైద్యుణ్ణి అడగకుండా వేయించకూడదు. మామూలు జ్వరం, జలుబు అడ్డంకులు కావు.

టీకా జ్వరానికీ అసలు తట్టుకూ ఉన్న తేడా చూసినవాళ్లకు తెలుస్తుంది. నేను వైద్యం మొదలుపెట్టిన రోజుల్లో వేసవి వచ్చిందంటే తట్టు పిల్లలు వచ్చేవారు. ఒక పాప ఇప్పటికీ కళ్లముందు ఉంది. వెలుతురు చూడలేక తల్లి కొంగులో ముఖం దాచుకుని పడుకుంది, కళ్లు ఎర్రగా పుసులు కట్టి, నోరు పూసి, ఒంటి కింద తల్లి పరిచిన వేపమండలతో. దద్దు అప్పటికే వాడి నల్లబడుతోంది గాని ఊపిరి మాత్రం డొక్కలు ఎగరేస్తూ ఉంది. తట్టు చంపేది దద్దుతో కాదు, ఆ వెనకే వచ్చే నిమోనియాతో, విరేచనాలతో. బతికిన పిల్లల్లో కొందరికి ఎ విటమిను లోపం వల్ల చూపు పోయేది. పాత జబ్బుల మీద శరీరం సంపాదించుకున్న జ్ఞాపకాన్ని కూడా తట్టు చెరిపేస్తుందని ఈమధ్య పరిశోధనల్లో తేలింది. ఆ పాప బతికింది. ఆమె పక్క మంచంలోని పిల్లవాడు బతకలేదు.

ఇంట్లో పెద్దవాళ్లు ఎవరైనా అమ్మవారు అంటే వాళ్లతో వాదన పెట్టుకోకండి. గుమ్మానికి వేపమండలు కట్టి బయటివాళ్లను లోపలికి రానివ్వకపోవడంలో అంటురోగాన్ని అడ్డుకునే ఇంగితం ఉంది, దాన్ని నేను గౌరవిస్తాను. అయితే తట్టు దద్దు కనిపించడానికి నాలుగు రోజుల ముందు నుంచే, వట్టి జలుబు, దగ్గులా ఉన్నప్పుడే అంటుతుంది. గుమ్మానికి వేపమండ కట్టేసరికి నాలుగు రోజులు ఆలస్యమైపోయి ఉంటుంది. ఆ నాలుగు రోజులనూ కాయగలిగింది టీకా ఒక్కటే.

ఇప్పుడు పని. మన రాష్ట్రంలో సాధారణంగా బుధ, శనివారాల్లో టీకాలు వేస్తారు, మీ ఊరికి ఏ రోజు వస్తారో ఆశా కార్యకర్తను అడిగి తెలుసుకోండి. తల్లీబిడ్డల కార్డు తీసుకుపోండి. ఈ టీకా పొడి రూపంలో బుడ్డిలో వస్తుంది, నీరు కలిపాక నాలుగు గంటల్లో వాడేయాలి, మిగిలితే పారబోయాలి. అందుకని ఆ రోజు పిల్లలు తక్కువగా వస్తే బుడ్డి తెరవడానికి ఒక్కోచోట వెనకాడతారు, మళ్లీ వారం రమ్మంటారు. ఒక్క బిడ్డ వచ్చినా బుడ్డి తెరవాలన్నదే నిబంధన. మర్యాదగా ఆ మాట గుర్తుచేయండి, వినకపోతే పీహెచ్‌సీ వైద్యాధికారికి చెప్పండి. మీ బడి పిల్లల తమ్ముళ్లూ చెల్లెళ్లలో ఎవరికైనా డోసు తప్పి ఉంటే అయిదేళ్లు నిండేలోపు వేయించుకోవచ్చునని తల్లిదండ్రులకు చెప్పండి. సుగ్గికి పోయేవాళ్లు బియ్యం మూటతో పాటు ఆ కార్డు కూడా పెట్టుకుపోతే, గుంటూరులోనైనా, పల్నాడులోనైనా, దగ్గరి ఆరోగ్య కేంద్రంలో అడిగి ఉచితంగా వేయించుకోవచ్చు. ఈ మాట ఉపాధ్యాయుడు చెబితే వింటారు.

పాపను తీసుకుపోయే రోజు మీ అన్నగారిని కూడా వెంట రమ్మనండి. టీకా వేశాక అరగంట అక్కడే కూర్చోబెడతారు, ఆయన అడగదలచుకున్నవి ఏఎన్‌ఎంను అడగడానికి ఆ అరగంట సరిపోతుంది. మూడు నెలల బిడ్డకు పద్నాలుగో వారం టీకాలు పడ్డాయో లేదో చూసి, పడకపోతే ఆ బిడ్డను కూడా అదే రోజు ఎత్తుకుపొమ్మనండి.